నూటికి నూరు తెచ్చుకున్న బ్రౌజర్లు, తెరుచుకోని మన ఫారాలు

పోస్టు పెద్దదే. ఇప్పుడు టైము లేకపోతే దాచుకుని రాత్రికి చదవండి.

పోయిన వారం మన గ్రూపులో స్కాలర్‌షిప్ ఫారం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక తమ్ముడు "క్రోమ్‌లోనే తెరువు అన్నా, వేరేదాంట్లో బటన్ కనపడదు" అని రాశాడు. ఇంకో చెల్లి "మా మావయ్య పాత ఫోన్లో తెలుగంతా డబ్బాలే" అంది. ఈ రెండు మాటలూ నేను పదిహేనేళ్ళుగా వింటున్నాను. బటన్ ఎందుకు కనపడదు, డబ్బాలు ఎందుకొస్తాయి అన్నదానికి వెనక పెద్ద కథ ఉంది. అందులో బ్రౌజర్లకి పెట్టిన పరీక్షలున్నాయి, మార్కుల కోసం కంపెనీలు పడ్డ పోటీ ఉంది. మనమూ ఉన్నాం, కాకపోతే ప్రశ్నపత్రంలో లేం. అదే రాద్దామని.

2009 నుంచి 2011 దాకా డిగ్రీ చదువుతూ అనకాపల్లిలో ఒక నెట్ సెంటర్లో సాయంత్రాలు పనిచేశాను. అప్పటికి అనకాపల్లి జిల్లా కాదు, విశాఖపట్నం జిల్లాలోదే. విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. మాది రావికమతం వైపు కొండ కింద ఊరు, షెడ్యూల్డ్ ఏరియాలో లేని గిరిజన ఊరు. అంటే ఏంటో మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. పైకెళ్తే మీరు కిందోళ్ళంటారు, కిందికొస్తే కొండోళ్ళంటారు. మా సెంటర్లో ఆరు కంప్యూటర్లు, అన్నీ విండోస్ ఎక్స్‌పీ. ఐదింటిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8, ఫైర్‌ఫాక్స్ ఉండేవి. ఆరోది మూలన ఉండేది. దాంట్లో మాత్రం ఎక్స్‌ప్లోరర్ 6 అలాగే ఉంచాడు మా ఓనరు. "దాన్ని అప్‌డేట్ చేసినావంటే చెయ్యిరిగిపోద్ది" అని నాకు మొదటిరోజే వార్నింగు. ఎందుకో నాకు ఒక నెల తర్వాత గానీ తెలీలేదు.

ఒకరోజు సాయంత్రం నాలుగు దాటాక మాడుగుల వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ పిల్ల ఇంటర్ అయిపోయి పై చదువుకి అప్లై చెయ్యాలి. ఆ రోజే ఆఖరి తేదీ. "రెండు సెంటర్లు తిరిగొచ్చినాం బాబూ. సైటు పంచెయ్యట్లేదు, రేపు రమ్మంటన్నారు. రేపొస్తే తారీకు ఎల్లిపోద్దంట కదా" అన్నాడాయన. రేపు రావడం అంటే ఇంకోరోజు కూలి పోవడం, ఇద్దరికీ మళ్ళీ ఆటో, మళ్ళీ బస్సు. అదీ తేదీ ఉంటే.

నేను ఎక్స్‌ప్లోరర్ 8లో తెరిచాను. పేరు, తండ్రి పేరు, కులం, అన్నీ నింపాం. కింద సబ్మిట్ బటన్ లేదు. పేజీ సగం కుడివైపు జరిగిపోయి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే పుట్టినతేదీ పెట్టె మీద నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూల కంప్యూటర్లో ఎవరో కూర్చుని టైపింగ్ చేసుకుంటున్నాడు, ఇంకో గంట లేవడు. అప్పుడు అడ్రసు పట్టీ పక్కన చిరిగిన కాగితంలాంటి చిన్న బొమ్మ ఒకటి కనిపించింది. నొక్కాను. పేజీ ఒకసారి వణికి సర్దుకుంది. బటన్ ఎక్కడుండాలో అక్కడికొచ్చింది. ఫారం వెళ్ళింది, ప్రింటు తీసిచ్చాను. వాళ్ళకి ఆఖరి బస్సు అందిందో లేదో నాకు తెలీదు గానీ ఆ పిల్ల మాత్రం ఇప్పుడు నర్సు.

ఆ చిరిగిన కాగితం బొమ్మ ఏంటని ఆ రాత్రే వెతికాను. దాని పేరు కంపాటిబిలిటీ వ్యూ. ఎక్స్‌ప్లోరర్ 8ని కాసేపు "నువ్వు కొత్తదానివని మర్చిపో, పాతదానిలా ప్రవర్తించు" అని అడిగే బటన్ అది. కొత్తదానికి పాతదానిలా నటించాల్సిన ఖర్మ ఎందుకొచ్చిందంటే, పరీక్ష పాసవ్వడం వల్ల! నేను ఈ విషయంలో పడిపోయింది అక్కడే.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో పాటు. అప్పటికి పోటీదారు నెట్‌స్కేప్ పడిపోయింది. ప్రపంచంలో పదిమందిలో తొమ్మిదిమంది ఎక్స్‌ప్లోరరే వాడేవాళ్ళు. పోటీ లేదు కాబట్టి మైక్రోసాఫ్ట్ ఐదేళ్ళు కదల్లేదు. 7 వచ్చింది 2006 అక్టోబర్‌లో. ఆ మధ్యలో వెబ్ పేజీ ఎలా రాయాలి, బ్రౌజర్ దాన్ని ఎలా చూపించాలి అన్నదానికి డబ్ల్యూ3సి అనే సంస్థ నియమాలు రాస్తూనే ఉంది. కాయితం మీద నియమం ఒకటి, ఎక్స్‌ప్లోరర్ చేసేది ఇంకొకటి. సైట్లు కట్టేవాళ్ళు నియమం చూసేవాళ్ళు కాదు, ఎక్స్‌ప్లోరర్‌లో బాగుందా లేదా అని చూసేవాళ్ళు. మన ఆఫీసు సైట్ల అడుగున "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో 1024 బై 768లో చూడండి" అని రాసుండేది, గుర్తుందా? ఆ రోజుల పుణ్యమే అది.

బంగారం అసలుదో కాదో చూడ్డానికి గీటురాయి మీద గీసి ఆసిడ్ చుక్క వేస్తారు కదా. ఆ పేరే ఈ పరీక్షలకి పెట్టారు. మొదటి ఆసిడ్ టెస్టు 1998లో టాడ్ ఫార్నర్ రాశాడు. అసలు రగడ రెండోదానితో మొదలైంది. 2005 ఏప్రిల్ 13న వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అనే బృందం ఆసిడ్2 విడుదల చేసింది. రాసినవాడు ఇయాన్ హిక్సన్. పేజీల రూపం దిద్దే సీఎస్ఎస్ అనే భాషకి పునాది వేసిన హోకన్ వియుమ్ లీ, అప్పట్లో ఒపేరా కంపెనీలో పెద్ద ఇంజనీరు, దీన్ని మైక్రోసాఫ్ట్‌కి బహిరంగంగానే సవాలుగా విసిరాడు.

పరీక్ష చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పేజీ తెరిస్తే పైన "హలో వరల్డ్" అని, కింద పసుపుపచ్చ నవ్వుముఖం రావాలి. ముక్కు మీద మౌస్ పెడితే నీలం రంగుకి మారాలి. అంతే. కానీ ఆ ముఖంలో కళ్ళు ఒక నియమం, నవ్వు ఒక నియమం, గడ్డం ఇంకో నియమం. బ్రౌజర్ ఏ నియమం తప్పినా ఆ ముక్క చెదిరిపోతుంది. ఎక్స్‌ప్లోరర్ 6లో అది ముఖం కాదు, ఎర్రరంగు ఒలకబోసినట్టుండేది. మా మూల కంప్యూటర్లో తెరిచి మా ఓనరుకి చూపించాను. "వైరస్ ఏటి?" అన్నాడు.

విడుదలైన రెండు వారాలకే ఆపిల్‌లో డేవ్ హయట్ అనే ఇంజనీరు తన దగ్గరున్న సఫారీలో ఆ ముఖం తెప్పించాడు. అదే ఏడాది అక్టోబర్ ఆఖరుకి జనం వాడే సఫారీలో కూడా వచ్చేసింది. లినక్స్ వాళ్ళ కాంకరర్ కూడా ఆ ఏడాదే. ఒపేరా 9, 2006లో. ఫైర్‌ఫాక్స్ 3, 2008లో. ఆఖరికి 2009 మార్చిలో ఎక్స్‌ప్లోరర్ 8. మార్కులేసే పంతులు లేడు, ఫెయిలైతే జరిమానా లేదు, అయినా నవ్వుముఖం రాని బ్రౌజర్‌కి బజార్లో పరువు పోయేది. పంతం మీద పని జరగడం అంటే ఇదే.

ఇప్పుడు ఆ పిల్ల ఫారం సంగతి అర్థమయ్యుంటుంది మీకు. ఆ సైటు కట్టినవాడు ఎక్స్‌ప్లోరర్ 6 తప్పుల్ని ఒప్పులనుకుని వాటి కొలతలకే పేజీ కట్టాడు. ఎక్స్‌ప్లోరర్ 8 ఆ తప్పులు దిద్దుకుని పాసైంది. గోడ నిటారుగా నిలబెట్టేసరికి, వంకర గోడకి సరిపోయేలా చేయించిన తలుపు బిగుసుకుపోయింది. ఇలా అవుతుందని మైక్రోసాఫ్ట్‌కి ముందే తెలుసు. మొదట్లో కొత్త పద్ధతి కావాలన్న సైట్లకే కొత్త పద్ధతి, మిగతావాటికి పాతదే అనుకున్నారు. దాని మీద పెద్ద గొడవయ్యాక 2008 మార్చిలో మాట మార్చి, అందరికీ కొత్త పద్ధతే, కావాలంటే బటన్ నొక్కుకుని పాతదానికి వెళ్ళండి అన్నారు. ఆ నిర్ణయం సరైందేనని నా అభిప్రాయం. కానీ అమెరికాలో తీసుకున్న ఆ సరైన నిర్ణయానికి ఖర్చు కట్టింది మాడుగుల నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్ళు, రెండు సెంటర్లు తిరిగి. తలుపు మార్చాల్సింది సైటు కట్టినోళ్ళు. వాళ్ళకి చెప్పేదెవరు?

మూడో పరీక్షకి పోటీ ముదిరిపోయింది. ఆసిడ్3 వచ్చింది 2008 మార్చి 3న. ఇందులో నూరు చిన్న పరీక్షలు. రంగు పెట్టెలు ఒక్కొక్కటే మెట్లలా పైకి లేస్తూ పక్కన మార్కులు పడుతుంటాయి. అంటే నూటికి ఎన్నో అంకె కనపడుతుంది. అంకె కనపడితే ఇంకేముంది, మనోళ్ళ కార్పొరేట్ కాలేజీ బోర్డులే! ఆ నెల 26న ఒపేరా మాకు నూరొచ్చాయని ప్రకటించింది. కొన్ని గంటల్లోనే సఫారీ వెనకున్న వెబ్‌కిట్ బృందం మాకూ వచ్చాయి, పైగా మాది ఎవరైనా దింపుకుని చూసుకోవచ్చు అంది. ఈ హడావిడిలో ఒక విచిత్రం జరిగింది. వెబ్‌కిట్ వాళ్ళు చివరి మార్కుల కోసం తవ్వుతుంటే ప్రశ్నపత్రంలోనే తప్పు దొరికింది. ఆ ప్రశ్నకి పాసవ్వాలంటే నియమాన్ని ఉల్లంఘించాలి! హిక్సన్ వెంటనే పేపర్ సరిచేశాడు. మన పోటీ పరీక్షల్లో కీ మార్చాలంటే కోర్టుకెళ్ళి ఏళ్ళు తిరగాలి, వీళ్ళకి ఒక్కరోజులో అయిపోయింది.

ఎక్స్‌ప్లోరర్ 8కి అందులో వచ్చింది 20. ఫైర్‌ఫాక్స్ 3కి 71, దాని తర్వాతి 3.5కి 93. ఫైర్‌ఫాక్స్ 4 2011లో 97 దగ్గర ఆగిపోయింది. ఆగిపోవడం కాదు, ఆపేశారు. మిగిలిన మూడు మార్కులు ఎస్‌వీజీ ఫాంట్లు అనే ఒక పద్ధతివి. "అది ఎవరూ వాడరు, ఫాంట్లు దించుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి వచ్చింది, మార్కుల కోసం మేం ఆ పని చెయ్యం" అన్నది మొజిల్లా వాళ్ళ వాదన. 2011 సెప్టెంబర్‌లో హిక్సనే అలాంటి ప్రశ్నలు కొన్ని తీసేశాడు. దాంతో కూర్చున్నచోటే వాళ్ళకి నూరయ్యాయి. ఇప్పుడు మీ ఫోన్లో ఆసిడ్3 తెరిస్తే నూరు రాదు, కంగారు పడకండి. ఈలోగా నియమాలే మారాయి, పాత ప్రశ్నలకి పాత జవాబులు తప్పయిపోయాయి.

అనకాపల్లి బెల్లం మార్కెట్ చూసినవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. రంగు బాగుంటే రేటు. ఆ రంగు కోసం వంటలో హైడ్రోస్ కలుపుతారు. తినేవాడికి అది మంచిదా అన్నది వేలంపాటలో లెక్కకి రాదు. ఆసిడ్3 మార్కుల్లో కొన్ని అలాంటి రంగే. కానీ అన్నీ కాదు. ఆ పరీక్షలో ఒక ప్రశ్న మనకి నేరుగా పనికొచ్చింది: సైటు తనకి కావాల్సిన ఫాంటును తానే పంపితే బ్రౌజర్ దాన్ని దించుకుని చూపించగలదా అన్నది.

తెలుగు విషయంలో అది ఎంత పెద్ద సంగతో ఇప్పటి తమ్ముళ్ళకి తెలీదు. ఒకప్పుడు తెలుగు పేపర్ల సైట్లకి దేని ఫాంటు దానిది. లోపలున్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేవాళ్ళు. ఎక్స్‌ప్లోరర్‌లో అయితే ఆ ఫాంటు దానంతటదే దిగి తెలుగు కనిపించేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తల తిరిగే చిహ్నాల గుంపు. అందుకే "పద్మ" అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక తోక తయారుచేశారు తెలుగువాళ్ళు. అది ఆ చిహ్నాల్ని అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. మా సెంటర్లో ఐదు కంప్యూటర్లలోనూ నేనే వేశాను. న్యాయంగా ఒకమాట చెప్పాలి. నేను పైన ఎక్స్‌ప్లోరర్‌ని ఇంత తిట్టాను గానీ, సైటు నుంచి ఫాంటు దించుకునే సదుపాయం అది 1997లోనే తెచ్చింది. సఫారీకి 2008 దాకా, ఫైర్‌ఫాక్స్‌కి 2009 దాకా పట్టింది. కాకపోతే ఎక్స్‌ప్లోరర్ పద్ధతి దాని సొంత పద్ధతి, ఇంకెవరికీ పనికిరాదు. పరీక్షల్లో ఆఖరి బెంచీ వాడే తెలుగు పేపర్ని అందరికన్నా ముందు చదివి వినిపించాడు. ఇది కూడా నిజమే, దాచిపెడితే కథ అబద్ధం అవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లో మొదటి కూర్పులోనే ఉంది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. అయినా తెలుగు సరిగ్గా రావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్నచోట టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. లేకపోతే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట. ఎన్ని ఊళ్ళలో ఎన్ని స్కూలు కంప్యూటర్లలో ఆ ఒక్క టిక్కు లేక తెలుగు రాదనుకున్నారో!

ఇంక ఫోన్లు. మనలో కంప్యూటర్ చూసి ఫోన్ చూసినవాళ్ళు తక్కువ, నేరుగా ఫోనే చూసినవాళ్ళు ఎక్కువ. 2010 ప్రాంతంలో హాస్టల్లో మా అందరి దగ్గరా మీటల ఫోన్లే. వాటిలో తెలుగు తెరిస్తే డబ్బాలు, వరసగా డబ్బాలు. దానికి ఒక కిటుకు ఉండేది, సీనియర్లు జూనియర్లకి చెప్పేవాళ్ళు. ఒపేరా మినీ వేసుకుని, అడ్రసు కొట్టేచోట ఇంగ్లీషులో ఒపేరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టాలి. వచ్చిన జాబితాలో అన్నిటికన్నా కిందన కాంప్లెక్స్ స్క్రిప్టులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఉంటుంది. దాన్ని ఎస్ చేసి సేవ్ కొట్టాలి. అంతే, డబ్బాలన్నీ తెలుగైపోయేవి. ఆ మొదటిసారి నా ఫోన్లో తెలుగు వికీపీడియాలో మన్యం పితూరీ గురించి చదివింది నాకిప్పటికీ గుర్తే. జరిగేదేంటంటే, పేజీ ముందు ఒపేరా వాళ్ళ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడ తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా గీసి మన ఫోన్‌కి పంపుతారు. ఫోన్‌కి తెలుగు రానక్కర్లేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు. నెట్ బ్యాలెన్స్ కొంచెం ఎక్కువ తినేది, అయినా ఫర్వాలేదనుకునేవాళ్ళం.

ఆసిడ్3లో నూరు కొట్టానని అందరికన్నా ముందు చాటింపు వేసింది ఒపేరానే కదా. ఆ నూరు మార్కులు మా హాస్టల్ గదిలో ఎవడికీ అవసరం పడలేదు. మాకు పనికొచ్చింది ఏ పరీక్షలోనూ లేని ఆ కింద వరస సెట్టింగు. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు ఫోన్లోకే వచ్చాక ఆ కిటుకు అవసరం తగ్గింది. 2013లో ఒపేరా తన సొంత ఇంజన్ వదిలేసి గూగుల్ క్రోమ్ ఇంజన్ వైపు వెళ్ళిపోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మనసు బాలేదు, ఊళ్ళో పాత కిరాణా కొట్టు మూసేసినట్టు.

ఆసిడ్ పరీక్షలు మూడింటిలో ఎక్కడా తెలుగు ఒత్తు సరిగ్గా కూర్చుందా అన్న ప్రశ్న లేదు. "క్ష్మి" రాస్తే ముడి ఎలా పడాలి, "స్త్ర"లో మూడో హల్లు ఎక్కడ వేలాడాలి, ఇవేవీ ఎవరూ అడగలేదు. నవ్వుముఖం బాగా వచ్చిన బ్రౌజరే మన అక్షరాల్ని చెల్లాచెదురు చేసినా దాని మార్కు తగ్గదు. ఆ పరీక్ష ఇంకోచోట, చప్పుడు లేకుండా జరిగింది. అక్షరాల్ని పేర్చే పనిముట్టు ఒకటుంది, దాని పేరు హార్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నిటి లోపలా ఇప్పుడు అదే ఉంది. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దాని ముఖ్య రూపకర్త. భారతీయ లిపుల పని పట్టినప్పుడు వాళ్ళు పరీక్షకి ప్రశ్నలు ఎక్కడినుంచి తెచ్చారో తెలుసా? వికీపీడియా నుంచి. తెలుగుకి తెలుగు వికీపీడియాలో ఉన్న మాటలన్నీ ఏరి, ఒక్కో మాటనీ తమ పనిముట్టుతో పేర్పించి, మైక్రోసాఫ్ట్ పేర్చినదానితో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో లెక్కేసుకుంటూ దిద్దుకుంటూ పోయారు.

అంటే 2003 డిసెంబర్ నుంచి జీతం లేకుండా తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాసినవాళ్ళు తెలీకుండానే ప్రశ్నపత్రం రాశారు. ఎవరైనా అక్కడ "కొండదొర" అనో "కొర్రా" అనో "డుంబ్రిగుడ" అనో రాసి ఉంటే ఆ మాట పరీక్షలోకి వెళ్ళింది. రాయని మాట వెళ్ళలేదు. నాకు ఇది తెలిసినరోజు నిద్ర పట్టలేదు, నిజంగా.

పరీక్ష పెట్టని అక్షరం ఏం చేస్తుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక చిహ్నంతో కలిపి ఐఫోన్‌కి పంపితే మెసేజ్ యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్. అంత ఖరీదైన ఫోను, వెబ్ పరీక్షల్లో ముందు వరసలో ఉండే కంపెనీ, ఒక్క తెలుగు అక్షరానికి చతికిలబడింది. పేపర్లన్నీ తెలుగు అక్షరమేదో బాంబు అన్నట్టు రాశాయి. లోపం అక్షరంలో లేదు, అక్షరాలు పేర్చే వాళ్ళ పనిముట్టులో ఉంది. బెంగాలీ, దేవనాగరి అక్షరాల్లో కొన్నిటికి కూడా అలాగే కూలిందని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో బాగుచేశారు. ఎందుకంత తొందరగా చేశారంటే తెలుగు మీద ప్రేమతో కాదు, అమెరికాలో ఫోన్లు కూడా కూలాయి కాబట్టి.

తెలుగుకే ఇలా ఉంటే మన భాషల సంగతి చెప్పండి. సవర భాషకి 1936లో మంగేయి గొమాంగొ తయారుచేసిన సోరంగ్ సోంపెంగ్ లిపికి యూనికోడ్‌లో చోటొచ్చింది 2012లో. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో రాతప్రతుల్లో బయటపడ్డ గుంజాల గోండి లిపికి 2018లో. దానికి ముందు ఏడాది మసరాం గోండికి. యూనికోడ్‌లో చోటు అంటే నంబరు కేటాయించినట్టు, ఇంటిస్థలం పట్టా లాంటిది. ఫాంటు, కీబోర్డు, పేర్చే పనిముట్టు, అవన్నీ వచ్చేదాకా అక్కడ ఇల్లు ఉండదు. గూగుల్ నోటో ఫాంట్లలో వీటికి ఇప్పుడు ఫాంట్లున్నాయి, కానీ ఫోన్ కంపెనీవాడు తన మోడల్లో పెడితేనే కనపడతాయి. లేకపోతే మళ్ళీ డబ్బాలే. 2010లో తెలుగు ఉన్నచోట ఇప్పుడు ఈ లిపులు ఉన్నాయి.

మన ఏజెన్సీలో, దాని అంచుల్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు ఎక్కువగా తెలుగు లిపిలోనే రాస్తాం. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు పుస్తకాలు వేసింది తెలుగు లిపిలోనే. కానీ కువిలో గొంతు చటుక్కున బిగబట్టి వదిలే ఒక శబ్దం ఉంది. మాట్లాడేవాళ్ళకి తెలుసు, అది ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. దానికి తెలుగులో అక్షరం లేదు. ఒకరు ఒకలా రాస్తారు, ఇంకొకరు వదిలేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి ప్రాంతంలో సవర నేర్చుకుని, 1931లో సవర భాష మీద పుస్తకం అచ్చువేయించిన మనిషి. ఆయనకీ ఇదే ఇబ్బంది ఎదురై ఉంటుంది. ఇప్పుడు ఆయన పేరుతో గిడుగు అనే తెలుగు ఫాంటు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. అందులో సవర రాద్దామంటే ఎంతవరకు కుదురుతుందో ఎవరైనా ప్రయత్నించి చెప్పండి.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. తెలుగు అక్షరం కింద చుక్క పెట్టడానికి, హిందీలో నుక్తా అంటారే అది, 2021లో యూనికోడ్ 14లో చోటిచ్చారు. తెలుగులో లేని శబ్దాలు రాసుకోడానికి పనికొచ్చేది. మన భాషలకీ ఒక దారి కావచ్చు, కాకపోవచ్చు, అది మాట్లాడేవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. నేను నా ఫోన్లో, మా మేనల్లుడి ఫోన్లో, మా ఆఫీసు కంప్యూటర్లో ఆ చుక్క పెట్టి చూశాను. ఒకదాంట్లో అక్షరం కింద కూర్చుంది. ఒకదాంట్లో పక్కన చుక్కల వలయం వచ్చి దాని కింద కూర్చుంది. ఇంకోదాంట్లో డబ్బా. ఆ చుక్కల వలయం అంటే "ఈ గుర్తు ఎవరిదో నాకు తెలీదు" అని బ్రౌజర్ చెప్తున్నట్టు.

ఇప్పుడు పోటీ రూపు మారింది. ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్‌లో మూతపడింది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ కూడా లోపల క్రోమ్ ఇంజనే. ఆపిల్, గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్ ఏటా కూర్చుని ఇంటరాప్ అని ఒక కార్యక్రమం పెట్టుకుంటున్నాయి, 2022 నుంచి ఆ పేరుతో. ఈ ఏడాది ఏ విషయాల్లో అందరం ఒకేలా పనిచెయ్యాలి అని ముందే ఒప్పుకుని, అందరికీ అవే పరీక్షలు పెట్టుకుని, మార్కులు బయటే పెడతారు. ఆసిడ్ రోజుల కన్నా మంచి పద్ధతి ఇది. ప్రశ్నలు వేలల్లో ఉంటాయి, ఎవరైనా కొత్త ప్రశ్న రాసి పంపొచ్చు. ఎవరైనా అంటే మనమైనా.

అయినా మన సైట్ల అడుగున రాత మాత్రం మారలేదు. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ 6 అని ఉన్నచోట ఇప్పుడు క్రోమ్ అని ఉంది. పేరు మారింది, వంకర గోడకి తలుపు బిగించే అలవాటు అలాగే ఉంది. నేను ఇప్పుడు విశాఖలో ఒక చిన్న కంపెనీలో సైట్లు పరీక్షించే పనే చేస్తున్నాను. నా టేబుల్ మీద కొత్త ఫోన్లతో పాటు గొలుగొండ సంతలో కొన్న పాత ఫోన్ ఒకటి ఉంటుంది. పగిలిన అద్దం, నిండిపోయిన మెమరీ, రెండు గీతల సిగ్నల్ ఉన్నట్టు నెట్ తగ్గించి పెడతాను. మా వాళ్ళు నవ్వుతారు గానీ ఎక్కువ తప్పులు దొరికేది దాంట్లోనే.

ఇంత చదివినవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోన్ తీసి, మీ భాషలో మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు, తెలుగు లిపిలో రాయడానికి కష్టమయ్యే ఒక మాట టైపు చేసి, అది ఎలా కనిపిస్తుందో స్క్రీన్‌షాట్ తీసి కింద పెట్టండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ ఎన్నోదో, ఏ బ్రౌజరో రాయండి. ఫారం ఎక్కడ ఆగిపోయిందో ఉంటే అదీ పెట్టండి, ఆధార్ నంబరు మాత్రం కనపడకుండా చెరిపి. అన్నీ పోగేసి, ఏది ఫాంటు తప్పు, ఏది బ్రౌజర్ తప్పు, ఏది సైటు కట్టినోడి తప్పు అని వేరుచేసి, ఎవరిది వాళ్ళకి ఇంగ్లీషులో రాసి పంపే పని నాది. కువి వచ్చినవాళ్ళు ముందు రాయండి, ఆ బిగబట్టిన శబ్దం ఉన్న మాటలు ఒక పది కావాలి నాకు.